బొడ్డు కోసిన తర్వాతి కబురు

ఏడో రోజు ఉదయం మా బావ హైదరాబాదు నుంచి అమ్మకు ఫోన్ చేశాడు. రోట్లో వెల్లిపాయ కారం నూరుతున్న అమ్మ చేయి కడుక్కోకుండానే ఫోన్ అందుకుని, పెరటి తలుపు దాటి బయటికి వెళ్లి, చాలాసేపు మాట్లాడి, తిరిగి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నది. "నీ రక్తం జెరంత కావాల్నట బిడ్డా" అన్నది. ఎవరికని అడిగాను. "పిలగానికి" అన్నది. పిలగానికి కామెర్లు వచ్చాయని, లైటు కింద పెట్టారని, రెండు రోజుల్లో ఇంటికి పంపుతారని ఆరు రోజులుగా ఇంటిల్లిపాదీ నాకు చెబుతూ వచ్చిన కథ ఆ ఒక్క మాటతో కూలిపోయింది. ఇంకేమీ అడగక ముందే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఆ పిలగాడు మా అక్క కొడుకు. మోసింది నేను. మొదటి కాన్పులో రక్తస్రావం ఆగక మా అక్కకు గర్భసంచి తీసేశారు. ఆ కాన్పులో పుట్టిన ఆడపిల్ల కూడా దక్కలేదు. ఆరేళ్ల తర్వాత అక్క అండాన్ని, బావ వీర్యకణాన్ని ప్రయోగశాలలో కలిపి, ఆ పిండాన్ని నా గర్భంలో ప్రవేశపెట్టారు. ఈ దేశంలో ఈ పని ఎవరు పడితే వారు చేయడానికి వీల్లేదు. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరొగసీ నియంత్రణ చట్టం ప్రకారం, మోసే స్త్రీకి పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. తన అండం ఇవ్వకూడదు. జీవితంలో ఒక్కసారికి మించి మోయకూడదు. వైద్యానికి, నిబంధనలు ఒప్పుకున్న ఇతర అవసరాలకు అయ్యే ఖర్చులు, బీమా తప్ప రూపాయి తీసుకోకూడదు. నాకు అప్పటికి 31 ఏళ్లు, ఆరేళ్ల కూతురు. వైద్య మండలి ధ్రువపత్రం, మేజిస్ట్రేటు ఉత్తర్వు, అర్హత పత్రాలు, బీమా కాగితాలు, వీటన్నిటి మీద నేను పెట్టినన్ని సంతకాలు నల్లగొండలో ప్రైవేటు బడిలో తెలుగు చెప్పిన తొమ్మిదేళ్లలోనూ పెట్టలేదు. పత్రికలు దీన్ని అద్దె గర్భం అంటాయి. చట్టం అద్దెను నిషేధించి ఇన్నేళ్లయినా ఆ మాట మాత్రం ఇంకా ఖాళీ చేసి పోలేదు.

కాన్పు హైదరాబాదులో జరగాలి. సోమవారం చేర్చుకుంటామన్నారు. శనివారం సాయంత్రమే నొప్పులు వచ్చాయి. నా కూతురు పుట్టినప్పుడు కూడా పెద్దాపరేషనే అయింది కనుక నూరు కిలోమీటర్ల ప్రయాణం వద్దని, నల్లగొండలోనే ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లి రాత్రి పదకొండింటికి ఆపరేషన్ చేశారు. నడుము కింద మొద్దుబారినా పైన మెలకువ ఉంటుంది. ఏడుపు విన్నాను. బట్టలో చుట్టి నా చెంప దగ్గరికి తెచ్చిన ఆ ముఖంలో నాకు ముందుగా కనిపించినవి పెదవులు. నేరేడుపండ్లు తిన్న పిల్లవాడి నోటిలా ఉన్నాయి. "పెదవులు గట్లున్నయేంది?" అని అడిగితే, చలికి అట్లనే ఉంటుందని నర్సు అన్నది. పల్స్ ఆక్సీమీటరు చూపిన అంకె డెబ్బై దగ్గర ఆగిందని, ఆక్సిజన్ పెట్టినా పైకి పోలేదని, పిల్లల డాక్టరు గుండె మీద అనుమానపడి హైదరాబాదు నుంచి పసిపిల్లల అంబులెన్స్ పిలిపించాడని నాకు వారం తర్వాత తెలిసింది. నాకు కుట్లు వేసి వార్డుకు తెచ్చేసరికి తెల్లవారుజాము. అప్పటికి ఆ బండి చెర్వుగట్టు మలుపు దాటి, నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు ఎక్కి, చౌటుప్పల్ వైపు పోతూ ఉండాలి.

పిల్లవాడికి ఉన్న లోపంలో రెండు పెద్ద ధమనులు ఒకదాని చోటులో ఒకటి మొలుస్తాయి. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడురక్తం మళ్లీ ఒంట్లోకే పోతుంది. రెండు కాలువలూ పారుతూనే ఉంటాయి గాని ఒకదాని నీరు మరొకదానిలో కలవదు. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు ఎనిమిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందంటారు. వాటిలో చాలావరకు వేచి చూడదగినవి. ఇది మాత్రం వేచి ఉండేది కాదు. కడుపులో ఉండగా తెరిచి ఉండే ఒక చిన్న నాళం పుట్టిన కొద్ది రోజులకు దానంతట అదే మూసుకుపోతుంది. ఆ నాళం, గుండె గదుల మధ్య ఒక రంధ్రం, ఈ రెండు సందుల గుండానే కాస్తంత మంచిరక్తం ఇటు కలుస్తుంది కనుక, నాళం మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందును చుక్కచుక్కగా ఎక్కిస్తారు. రంధ్రం చిన్నదైతే రక్తనాళం గుండా బెలూన్ పంపి పెద్దది చేస్తారు. తర్వాత ధమనులు రెండింటినీ కోసి, అటుది ఇటు, ఇటుది అటు కుట్టి, గుండెకు రక్తం ఇచ్చే సన్నని నాళాలను కూడా కొత్తచోటికి మారుస్తారు. ఈ ఆపరేషన్‌ను 1975లో బ్రెజిల్‌లో అదిబ్ జతేనే అనే సర్జన్ మొదటిసారి విజయవంతంగా చేశాడు. సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లోనే చేయాలి, ఎందుకంటే ఎడమవైపు గుండె గది ఊపిరితిత్తుల తేలిక పనికే అలవాటుపడితే, తర్వాత ఒళ్లంతటికీ రక్తం తోసే బలం దానికి ఉండదు.

ఇదంతా చదివి తెలుసుకున్నప్పుడు నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆపరేషన్ కన్నా ముందు సంగతి. కడుపులో ఉన్నంత కాలం ఈ లోపం బిడ్డను ఏమీ చేయదు. ఊపిరితిత్తులతో పని లేదు, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది, ధమనులు ఎటు మొలిచినా బిడ్డ పెరుగుతూనే ఉంటాడు. నా పిల్లవాడు, అంటే అక్క పిల్లవాడు, తొమ్మిది నెలలు ఏ లోటూ లేకుండా ఉన్నాడు. రాత్రి భోజనం కాగానే తన్నేవాడు. రెండు కిలోల ఆరు వందల గ్రాములు తూగాడు. బొడ్డు కోసిన క్షణాన కష్టం మొదలైంది. చట్టం దృష్టిలో నా పని ముగిసింది కూడా సరిగ్గా ఆ క్షణానే. బిడ్డకు నా అవసరం ఎంత ఉండేదో తేలిన నిమిషంలోనే, కాగితాల మీద నాకు బిడ్డతో సంబంధం లేకుండా పోయింది.

నేను కస్టడీ గురించి మాట్లాడటం లేదు. పుట్టిన బిడ్డ కోరిన దంపతుల సొంత బిడ్డే అవుతాడని చట్టం అంటుంది. పుట్టుకతో లోపం ఉన్నా, తర్వాత రోగం బయటపడినా, ఆడపిల్ల పుట్టినా, కవలలు పుట్టినా, ఏ కారణంతోనూ ఆ దంపతులు బిడ్డను వదిలేయడానికి వీల్లేదని కూడా స్పష్టంగా అంటుంది. ఈ వాక్యం వెనుక ఎన్ని కన్నీళ్లున్నాయో ఊహించగలను. మేజిస్ట్రేటు ఉత్తర్వు ముందే చేతిలో ఉన్నది కనుక ఆ రాత్రి హైదరాబాదు ఆసుపత్రిలో తల్లిదండ్రులెవరనే ప్రశ్న రాలేదు. బెలూన్ పని కోసం తెల్లవారుజామున బావ సంతకం పెడితే సరిపోయింది. నిర్ణయాలు వాళ్లవే. అది సరైన ఏర్పాటు. నేను నల్లగొండలో మత్తులో పడి ఉండగా నా సంతకం కోసం ఎదురుచూసి ఉంటే పిల్లవాడు దక్కేవాడే కాదు.

నా ఫిర్యాదంతా కబురు గురించే. సంతకం ఎవరిదైనా కావచ్చు. కాని ఆ బిడ్డకు ఏమైందో, ఏం చేయబోతున్నారో, మోసిన మనిషికి నిజం చెప్పి తీరాలి. దయతోనో, చుట్టరికంతోనో చెప్పడం చాలదు, అది ఆమెకు చెందవలసినది. ఈ మాట అంటే "మీ ఇంట్లోవాళ్లేగా, అడిగితే చెప్పరా?" అంటారు. సొంత అక్క కోసం మోసిన నాకే చెప్పలేదు. పరాయివాళ్ల కోసం మోసి, ఆసుపత్రి గేటు దగ్గర విడిపోయే స్త్రీకి ఎవరు చెబుతారు?

మా ఇంట్లో ఎందుకు దాచారో నాకు తెలుసు. పచ్చి బాలింతకు చెడ్డ కబురు చెప్పకూడదన్నది మా వైపు ఆనవాయితీ. చావు కబురైనా పురుడు వెళ్లేదాకా ఆపుతారు. మా నాయనమ్మ బాలింతగా ఉన్నప్పుడు ఆమె తమ్ముడు చనిపోతే ఇరవై ఒక్క రోజుల దాకా చెప్పలేదట. "గుండె పలిగితె ఎట్ల? నీకు కుట్లు పచ్చిగున్నయి" అని అమ్మ తర్వాత నాతో అన్నది. ఆ మాటలో కపటం లేదు. మా ఆయన కూడా అదే నమ్మాడు; ఫోన్ వచ్చినప్పుడల్లా వరండాలోకి వెళ్లి మాట్లాడి, తిరిగి వచ్చి నా మందుల చీటీ చదవసాగేవాడు. అక్క మొదటి రోజు ఒక్కసారి ఫోన్ చేసి "మంచిగున్నడు చెల్లె" అని పెట్టేసింది. ఆ గొంతు నాకు అప్పుడే అనుమానం కలిగించి ఉండాల్సింది. కొత్తగా తల్లి అయిన మనిషి ఒక్క వాక్యంతో ఫోన్ పెట్టేస్తుందా?

ఈ ఆనవాయితీ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోను. ఆ ఆరు రోజుల్లో నా శరీరం విషయంలో ఒక నిర్ణయం జరిగిపోయింది, అదీ నా చేతులతోనే, అబద్ధం ఆధారంగా. దాని గురించి చెప్పాలి.

మూడో రోజు పొద్దున పాలు పడ్డాయి. ఇది నాకు రెండో కాన్పు కనుక ఆ బరువు, ఆ సలపరం తెలియనివి కావు. అయినా పక్కలో బిడ్డ లేకుండా పాలు పడటం ఎలా ఉంటుందో తెలియదు. పక్క మంచం మీది పసిపిల్ల ఏడ్చినప్పుడల్లా నా జాకెట్టు తడిసేది. నేను పాలివ్వనని, బిడ్డకు డబ్బా పాలు పడతారని ముందే అనుకున్నాం. ఆ నిర్ణయం నాకూ ఇష్టమే. కుట్లు చూడటానికి వచ్చిన డాక్టరమ్మ పాలు ఆగిపోవడానికి క్యాబర్‌గోలిన్ మాత్రలు రాసింది. చిన్న తెల్ల మాత్ర. సగం విరిచి పొద్దున ఒక ముక్క, రాత్రి ఒక ముక్క, రెండు రోజులు. మొదటి ముక్క అరచేతిలో పెట్టుకుని అమ్మను అడిగాను: "పిలగాడు డబ్బా పాలు మంచిగ తాగుతున్నడా?" అమ్మ తల ఊపింది. నేను మింగాను.

అదే గంటలో పిల్లవాడు వెంటిలేటరు మీద ఉన్నాడు. నోటిగుండా ఏమీ తాగడం లేదు. గుండెలో రక్తం సరిగా కలవని పసివాళ్లకు పేగులకు కూడా రక్తం చాలదు. పాలు మొదలుపెట్టినప్పుడు పేగు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది, ఆ ప్రమాదాన్ని తగ్గించేది మనిషి పాలేనని అక్కడి డాక్టర్లు అక్కకు చెప్పారట. ముర్రుపాలు రెండు చుక్కలు బుగ్గ లోపల రాసినా మేలేనన్నారట. అక్కకు పాలు రావు. నావి ఆగిపోతున్నాయి. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది. వేరే ఆసుపత్రిలో, ఐసీయూ తలుపు ముందు కాళ్లు ఆడక నిలబడిన వాళ్లకు అటువంటివి ఆ సమయంలో ఎక్కడ గుర్తొస్తాయి? మాత్ర రాసిన డాక్టరమ్మది తప్పనలేను, ఆమె కాగితం మీద ఉన్నదే చేసింది. కాని నాకు నిజం తెలిసి ఉంటే ఆ ముక్క మింగేదాన్ని కాదు. పిండి, సీసాల్లో పోసి, ఐసు డబ్బాలో పెట్టి రోజూ పొద్దున మొదటి బస్సుకు పంపేదాన్ని. తెలియజేయకుండా తీసుకున్న సమ్మతి సమ్మతే కాదని అన్ని కాగితాల మీదా రాయించుకున్నవాళ్లు, ఈ ఒక్క మాత్ర దగ్గర ఆ సంగతి మరిచిపోయారు.

ఇక రక్తం సంగతి. అంత చిన్న బిడ్డకు గుండె ఆపి చేసే ఆపరేషన్‌లో గుండె పని, ఊపిరితిత్తుల పని ఒక యంత్రం చేస్తుంది. రెండున్నర కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం రెండు టీ గ్లాసులకు కొంచెం ఎక్కువ, అంతే. యంత్రం గొట్టాలు నింపడానికే బయటి రక్తం కావాలి. అది బిడ్డకు సరిపడుతుందో లేదో ముందే చూడాలి. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. పుట్టిన మొదటి నాలుగు నెలలు బిడ్డ ఒంట్లో ఇతరుల రక్తాన్ని ఎదిరించే పదార్థాలు సొంతంగా తయారుకావడం చాలా అరుదు. ఉన్నవేవైనా మాయ గుండా మోసిన స్త్రీ నుంచి వచ్చినవే. అందుకని, బిడ్డ నుంచి తీయగలిగే రక్తం చుక్కలే కనుక, బ్లడ్ బ్యాంకువాళ్లు తల్లి నమూనా అడుగుతారు. అక్క చేయి చాపింది. నమూనా పోయింది. బ్లడ్ బ్యాంకు డాక్టరు ఫైలు తిప్పి చూసి, ఈమె కన్నది కాదు కదా, మోసినామె రక్తం కావాలని వెనక్కు పంపాడు. ఆ డాక్టరు ఎవరో నాకు తెలియదు. ఆ పది రోజుల్లో నేనున్నానని గుర్తించిన మొదటి అధికారి ఆయనే.

జన్యువులు అక్కవి. పేరు అక్కది. ఉత్తర్వు అక్కది. పుట్టి ఏడు రోజులైన ఆ ఒంట్లో పారుతున్న రక్తానికి మాత్రం నా జ్ఞాపకం ఇంకా ఉంది. దీన్ని భావుకతగా చెప్పడం లేదు, బ్లడ్ బ్యాంకు లెక్క ఇది.

నమూనా గొట్టంలో పంపుతామన్నా నేను వినలేదు, నేనే వెళ్లాను. బావ కారు పంపించాడు. పొట్ట మీద దిండు అదిమిపెట్టుకుని కూర్చున్నాను. పంతంగి టోల్ దగ్గర గతుకు వచ్చినప్పుడల్లా కుట్లు లాగేవి. ఊదారంగు మూత ఉన్న రెండు గొట్టాల్లో రక్తం తీశారు. తర్వాత పిల్లవాణ్ని చూస్తానన్నాను. ఐసీయూ ముందు కూర్చున్న అమ్మాయి మర్యాదగానే, "మీరు బాబుకు ఏమవుతారమ్మా?" అని అడిగింది. నేను ఆగిపోయాను. చిన్నమ్మనని చెప్పాను. చిన్నమ్మలకు అనుమతి లేదు, తల్లిదండ్రులకే, రోజుకు రెండుసార్లు. అక్క లోపలి నుంచి వచ్చి తన గౌను విప్పి నాకు తొడిగించబోతే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమె ఉద్యోగం ఆమెది. లోపల అంటురోగాల భయం ఉంటుంది, తలా ఒక చిన్నమ్మను పంపితే ఐసీయూ సంత అవుతుంది. అయినా రెండు అంతస్తుల కింద నా రక్తం తీసుకున్న ఆసుపత్రే పైన నన్ను చుట్టపుచూపుగా లెక్కవేయడం నాకు ఇప్పటికీ అరగదు. తలుపు అద్దంలోంచి చూశాను. గొట్టాల మధ్య ఒక పాదం కనిపించింది, మడమకు ప్లాస్టరు వేసి.

తొమ్మిదో రోజు ఆపరేషన్. పొద్దున ఏడున్నరకు తీసుకుపోతే మధ్యాహ్నం రెండు దాటాక బయటికి వచ్చారు. ఛాతీ రెండు రోజులు మూయకుండా పైన పొర కప్పి ఉంచి, వాపు తగ్గాక కుట్టారు. నేను వనస్థలిపురంలో అక్క వాళ్లింట్లో ఉండిపోయాను. అమ్మ చెర్వుగట్టు దేవుడికి తలనీలాలు మొక్కుకుంది. డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. బావ కంపెనీ బీమా సగం భరించింది, మిగిలింది అప్పు. పేద కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉంది, దాని పరిమితిని 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలకు పెంచింది. పిల్లల గుండె ఆపరేషన్లకు ఈ రాష్ట్రంలో అది ఎంతో మందికి దారి చూపింది.

కబురు దాచడం వల్ల ఇంకొక నష్టం ఉంది. నిజం తెలియని చోట నిందకు చోటు దొరుకుతుంది. నిజం బయటపడిన తర్వాత మా వీధిలో అడిగిన మొదటి ప్రశ్న గ్రహణం రోజున నేను బయట తిరిగానా అని. బొప్పాయి తిన్నానా, బడిలో మెట్లు ఎక్కానా, బండి మీద వెళ్లానా అని తర్వాతివి. ఆసుపత్రిలోనూ అడిగారు, వాళ్ల తీరులో: షుగర్ ఉండేదా, ఏమైనా మందులు వాడారా, మొదటి నెలల్లో జ్వరం వచ్చిందా. అవి అవసరమైన ప్రశ్నలే. గర్భానికి ముందునుంచీ షుగర్ అదుపులో లేని తల్లుల బిడ్డలకు గుండె లోపాల ప్రమాదం ఎక్కువ. నాకు షుగర్ లేదు. ఎనిమిది వారాలు దాటేసరికి గుండె రూపం కుదిరిపోతుందని, అటుతర్వాత నేను ఎక్కిన మెట్లకు, దిగిన మెట్లకు దానితో నిమిత్తం లేదని ఒక డాక్టరు ఐదు నిమిషాలు కూర్చుని చెబితే తేలిపోయే సంగతి. ఆ ఐదు నిమిషాలు అక్కకు, బావకు దొరికాయి. నాకు దొరకలేదు, నేను ఫోన్‌లో వెతుక్కున్నాను. దేవరకొండ వైపు పసిపిల్లల అమ్మకాల వార్తలు వింటూ పెరిగిన జిల్లా మాది. ఆ వార్తల వెనకటి పేదరికాన్ని జనం మరిచిపోయారు గాని, బిడ్డ లేని బాలింతను చూస్తే కలిగే అనుమానం మాత్రం అలాగే ఉంది. అటువంటి చోట "బిడ్డకు ఇట్లా అయింది, ఇందుకు అయింది" అని చెప్పగలగడం నాకు ఎంత అవసరమో ఆలోచించండి.

ఈ లోపం ముందే కనిపించాల్సిందన్న మాట కూడా విన్నాను. ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ చేయించాం, గుండెలో నాలుగు గదులూ ఉన్నాయని రాశారు. ఉన్నాయి, నిజమే. గదులు సరిగా ఉండి ధమనులు తారుమారైన బిడ్డ ఆ నాలుగు గదుల చిత్రంలో మామూలుగానే కనబడతాడు. గదుల్లోంచి ధమనులు ఎటు బయలుదేరుతున్నాయో కూడా చూస్తేనే తెలుస్తుంది. ప్రయోగశాలలో పిండం చేసిన గర్భాలకు గుండె లోపాల ప్రమాదం కొంచెం ఎక్కువ కనుక, 18 నుంచి 24 వారాల మధ్య బిడ్డ గుండెకు విడిగా ఎకో అనే స్కాన్ చేయించడం మంచిదని తర్వాత తెలిసింది. మాకు ఎవరూ రాయలేదు. రాసి ఉంటే కాన్పు నల్లగొండలో అయ్యేది కాదు. ఈ దారిలో నడవబోయే ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఆ ఒక్క పరీక్ష అడిగి రాయించుకోండి.

నా వాదనకు ఎదురు వాదనలు లేకపోలేదు. కబురు చెబుతూ పోతే మమకారం తెగదని, రేపు కోర్టుకెక్కుతారని ఒక భయం. నా అనుభవం దానికి విరుద్ధం. ఏమీ తెలియని ఆ ఆరు రోజులే నేను పిల్లవాణ్ని నా వాడనుకున్నాను. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వణికిన బావ చేయి చూశాక, రాత్రంతా కుర్చీలో కూర్చున్న అక్కను చూశాక, వాడు ఎవరి బిడ్డో నా మనసుకు కూడా తెలిసిపోయింది. రెండోది బాలింత ఆరోగ్యం. కబురు ఎలా చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది డాక్టరు ఆలోచించవచ్చు, చెప్పాలా వద్దా అన్నది కాదు. మూడోదే గట్టిది: బిడ్డ రోగం తల్లిదండ్రుల సొంత విషయం, దాన్ని మూడో మనిషికి చెప్పమని వాళ్లను ఎలా ఒత్తిడి చేస్తారు? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. హద్దు మాత్రం పెట్టవచ్చు. బాలింత నెలన్నర గడిచేదాకా, లేదా బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా. ఆ తర్వాత చెప్పడం వాళ్ల ఇష్టం. నా ఆరోగ్యానికి 36 నెలల బీమా చేయాలని చట్టమే రాసింది. మూడేళ్ల పాటు నా శరీరం దానికి గుర్తుంది కనుక, నెలన్నర పాటు కబురు చెప్పించడం దానికి బరువు కాదు.

పిండం ప్రవేశపెట్టక ముందే నా దగ్గర సమ్మతి పత్రం తీసుకుంటారు. ఆ క్షణం వరకు నేను మనసు మార్చుకుని వెనక్కి పోవచ్చు. కాన్పులో నాకు జరగగల ప్రమాదాలన్నీ అందులో ఉన్నాయి. బిడ్డ జబ్బుతో పుడితే నాకు ఎవరు చెబుతారు, ఎన్ని గంటల్లో చెబుతారు, పాలు ఆపే మందు ఇచ్చే ముందు బిడ్డ పరిస్థితి చెబుతారా, ఒకసారైనా చూడనిస్తారా అన్నవి లేవు. నాలుగు వాక్యాలు. నేను తెలుగు చెప్పేదాన్ని, అవి రాసివ్వడానికి నాకు పావుగంట పడుతుంది.

ఇరవై ఆరో రోజున పిల్లవాణ్ని ఇంటికి పంపారు. ఇప్పుడు రెండేళ్లు దాటాయి. ఛాతీ మధ్యలో వేలెడు మచ్చ, ఏడాదికోసారి ఎకో. నన్ను చిన్నమ్మా అని పిలుస్తాడు, మా అమ్మాయి చేతిలోని బిస్కెట్ లాక్కుంటాడు. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ అక్క ఫొటో తీసి నాకు పంపుతుంది, ఎవరూ అడగకుండానే.

నేను మాత్రం ఆమెకు ఒక సంగతి చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందు రాత్రి, వనస్థలిపురంలో వాళ్ల వంటింట్లో, అందరూ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టుకుని స్టీలు గిన్నెలోకి పిండుకున్నాను. మాత్ర పనిచేసింది. అరగంటకు గిన్నె అడుగు తడిసేటన్ని కూడా రాలేదు. గిన్నె కడిగి బోర్లించాను. పాలు ఆపాలని అనుకున్నది ముగ్గురం కలిసే కనుక, ఆ మాత్ర గురించి అక్క ఇప్పటిదాకా నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇది రాసి పెట్టే ముందు ఆమెకు పంపుతున్నాను.